భుజం బాకీ

ఎవరికి అన్యాయం జరిగింది? ఏ విధంగా జరిగింది?

విచారణ సంఘానికి అధ్యక్షత వహించిన మొదటి రోజున నేను అడిగిన ప్రశ్నలు ఈ రెండే. కంపెనీ వకీళ్లు వీటికి బదులు చెప్పకుండా వేరే సంగతులు చాలా చెప్పారు. వినియోగదారులు సమ్మతి తెలిపారన్నారు. నిబంధనలన్నీ పాటించామన్నారు. యంత్రానికి దురుద్దేశం ఉండదన్నారు. అవేవీ నేను అడిగినవి కావు.

అన్యాయం జరిగింది కొత్త గోవిందపాలెం పునరావాస కాలనీలో ఉండే నూకరత్నానికి. ఊరివారి పాడెలన్నీ మోసిన ఆమె భర్త గవరయ్య చనిపోయిన రోజున, అతణ్ణి మోయడానికి నాలుగు భుజాలు దొరకలేదు.

గోవిందపాలెం వారికి భుజం బాకీ అనే కట్టుబాటు ఒకటి ఉంది. మన ఇంటి పాడెకు ఎవరు భుజం పట్టారో, వారి ఇంటి పాడెకు మనం భుజం పట్టి తీరాలి. తండ్రి తీర్చలేకపోతే కొడుకు తీర్చాలి. దీన్ని ఎవరూ రాసిపెట్టుకోరు, ఎవరూ మరచిపోరు. సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరిని ఖాళీ చేయించి హైవే పక్క పల్లంలోకి తరలించినప్పుడు వారి ఇళ్లు పోయాయి, వలలు పోయాయి, కొలుచుకునే గుడి పోయింది. ఈ బాకీలు మాత్రం వారి వెంటే వచ్చాయి. అందువల్ల గవరయ్యకు జరిగినదాన్ని నేను చిన్న అవమానంగా లెక్కించలేదు. ఒక ఊరు తన చట్టాన్ని తానే మీరిన సందర్భం అది. ఊరు అలా ఎందుకు మీరిందో తెలియాలంటే ముందు ఒక ఫోను సంగతి తెలియాలి.

*

కాలనీ పల్లంలో ఉంది. హైవే గట్టును ఆనుకున్న నూకరత్నం ఇంటి అరుగు మీద తప్ప మరెక్కడా సిగ్నలు అందదు. సరుకు తెచ్చే కుర్రాళ్లు కూడా ఆ గట్టు దిగి కాలనీలోకి రారు. కాబట్టి కాలనీలో ఎవరికి ఏ వస్తువు కావలసినా ఆ అరుగెక్కి, నూకరత్నం ఫోనులోని సంతబాట అనే అంగడితో నోటితో చెప్పి తెప్పించుకునేవారు. రాయడం వచ్చినవారు తక్కువ. నోరు అందరికీ ఉంది.

"ఒలే రత్నం, నా కాళ్లు రెండూ వాసి దిమ్మెక్కిపోనాయే. పాత సెప్పుల్లో దూరట్నేదు. ఎడల్పు సెప్పులు కావాలని నీ పోన్‌కి సెప్పు," అన్నది పక్కింటి బంగారమ్మ ఒకనాడు.

"నాను సెప్తే నా కాళ్లకి తెస్తాది. నువ్వే సెప్పు, బంగారమ్మప్పా. ఇలగ నోటికాడ పెట్టుకో."

"దీనికి ఇనబడతాదేటి? సెవుడేమో."

"నీకన్నా బాగానే ఇంటాది."

ఆ మాట నిజం. విశాఖపట్నంలో కొండ మీద, సముద్రం కనిపించే అద్దాల మేడలో, సంతబాటకు ఒక ప్రయోగశాల ఉంది. అక్కడ కొల్లూరి ఆదిశేషు అనే శాస్త్రజ్ఞుడు ఒక యంత్రాన్ని తయారుచేసి దానికి ఎరుక అని పేరు పెట్టాడు. కొనేవాడు వెతికే మాటకు, అమ్మేవాడు సరుకుకు పెట్టే పేరుకు మధ్య ఉన్న దూరాన్ని చెరిపివేయడం దాని పని. 'వెడల్పాటి రబ్బరు చెప్పులు' అని రాసి పెట్టిన సరుకు గిడ్డంగిలో పడి ఉండేది. బంగారమ్మ నోటి మాటను ఎరుక పట్టుకుని, 'దిమ్మెక్కిన కాళ్లకు మెత్తటి చెప్పులు' అని ఆ సరుకు పేరు తిరగరాసింది. వారం తిరగకుండా గిడ్డంగి ఖాళీ అయింది.

మొదట్లో నూకరత్నం ఫోను ఎరుకను కంగారు పెట్టింది. యంత్రం దృష్టిలో ఒక ఫోను అంటే ఒక మనిషి. ఈ మనిషికి అన్ని కొలతల పాదాలూ ఉన్నాయి. పాలసీసా కావలసిన వయసూ చేతికర్ర కావలసిన వయసూ ఒకేసారి ఉన్నాయి. ఇతర సంస్థలైతే అటువంటి ఖాతాను చెత్త కింద తీసి పారవేసేవి. ఆదిశేషు పారవేయలేదు. గొంతును బట్టి మనిషిని వేరుచేయడం ఎరుకకు నేర్పాడు. అప్పటి నుంచి ఆ అరుగు మీద మాట్లాడిన ప్రతి గొంతూ విడివిడి దారమైంది. ఎవరు ముందు ఏమి అడిగారు, తరువాత ఏమి అడిగారు అన్నది యంత్రం వరుసగా చూడగలిగింది. కొంతకాలానికి ఇవాళ ఇది అడిగినవారు మున్ముందు ఏమి అడుగుతారో కూడా అది చెప్పసాగింది. ఆదిశేషు కనిపెట్టిన అసలు విద్య ఇదే. దేశంలో దానికి సాటి లేదని వకీళ్లు నా ముందు గర్వంగా చెప్పారు. నేను కాదనలేదు.

ఆ గొంతులను విని, యాస అర్థం కానిచోట యంత్రానికి సాయం చేయడానికి హైమ అనే యువతిని నియమించారు. ఆమెది చీపురుపల్లి. ఆ మాటతీరు ఇంట్లో విని పెరిగిన పిల్ల. ఒకనాడు ఆమె ఆదిశేషు గదికి వెళ్లింది.

"సార్, గోవిందపాలెం గొంతులు ఒకే వరసలో నడుస్తున్నాయి. ముందు నడుం పట్టీ అడుగుతారు. తర్వాత నొప్పి తైలం. తర్వాత వెడల్పు చెప్పులు. చెప్పుల తర్వాత గొంతు ఆగిపోతోంది."

"వేరే యాప్‌కి వెళ్లిపోయుంటారు. ఆఫర్లు పంపమన్నాను కదా?"

"పంపుతున్నాం. కానీ గొంతు ఆగిన ఇంటి నుంచి తర్వాత ఇంకొకరు ఫోటో ఫ్రేమ్ అడుగుతున్నారు సార్. దండ వేసే ఫ్రేమ్."

ఆదిశేషు తెర తనవైపు తిప్పుకున్నాడు. "అన్ని ఇళ్లలోనూనా?"

"చాలా ఇళ్లలో. అందరూ ఒకే బోరు నీళ్లు తాగుతూ ఉండాలి. మ్యాప్‌లో చూస్తే పక్కనే బ్యాటరీలు కరిగించే కర్మాగారం ఉంది. ఎవరికైనా చెప్పాలి సార్."

"ఏమని చెప్తాం? చెప్పులు కొన్నవాళ్లు చచ్చిపోతున్నారనా? మనం డాక్టర్లం కాదు హైమా. మాటని సరుకు దగ్గరికి చేర్చడం వరకే మన పని."

అంతటితో ఆగి ఉంటే అది ఉదాసీనత అయ్యేది. ఆయన ఆగలేదు. వరసలో చివరన ఉన్న ఫ్రేమును ముందుకు జరపమన్నాడు. వెడల్పు చెప్పులు అడిగిన గొంతు వినిపించిన కొద్ది రోజులకే, ఎవరూ అడగకుండానే, ఆ ఫోనులో ఫ్రేము కనిపించే ఏర్పాటు జరిగింది. దాని పేరుకు 'నాన్న గుర్తుగా', 'అమ్మ గుర్తుగా' అన్న మాటలు జోడించారు. అమ్మకాలు పెరిగాయి. ప్రయోగశాలలో మిఠాయి పంచారు. తాను కూడా ఒకటి తీసుకున్నానని హైమ తరువాత విచారణలో నా ముందు ప్రమాణం చేసి చెప్పింది.

*

ఫ్రేము మొదటిసారి కనిపించినప్పుడు అరుగు మీద ఉన్నవారు నవ్వుకున్నారు. బంగారు రంగు అంచు, చుట్టూ పూలదండ, నడుమ ఖాళీ.

"ఇదేటి, అడక్కండా వొచ్చింది? ఎవులికోసమే?"

"దాలప్ప మావకేమో. ఫోటోకి బాగా దిగుతాడు."

"నాకెందుకే? మీ అందర్నీ సాగనంపీసి అప్పుడు దిగుతాను," అన్నాడు దాలప్ప. ఆయన కాలనీకి పెద్ద.

ఆ నెల తిరగకుండా బంగారమ్మ పోయింది. ఫ్రేము మళ్లీ కనిపించింది, ఇంకొకరు పోయారు. మళ్లీ కనిపించింది. నవ్వడం మానుకున్నారు. ఉదయం లేవగానే అరుగు దగ్గరకు వచ్చి, "బొమ్మ వొచ్చిందేటి?" అని అడగడం అలవాటైంది. యంత్రానికి గొంతు తెలుసు గనుక అది ఎవరి కోసం వచ్చిందో యంత్రానికి తెలుసు. కానీ ఫోను అందరిదీ. కాబట్టి చావు కబురు పేరు లేకుండా వచ్చేది. వచ్చిన రోజు నుంచి ప్రతి ఇల్లూ తన మనుషులను లెక్కపెట్టుకుంటూ కూర్చునేది.

ఇక్కడ జరిగిన పొరపాటును నేను ప్రత్యేకంగా నమోదు చేశాను. చెప్పులు అడిగితే బొమ్మ వస్తుంది, బొమ్మ వస్తే మనిషి పోతాడు అని కాలనీ గ్రహించింది. అంతవరకు వారి పరిశీలన ప్రయోగశాల పరిశీలనకు ఏమీ తీసిపోదు. కాని కారణాన్ని వారు నీటిలో వెతకలేదు, ఫోనులో వెతికారు. చెప్పులు అడగడం మానేశారు. వాచిన పాదాలతో ఎండలో ఉత్త కాళ్లతో నడిచారు. వాపు కనబడితే ఇరుగుపొరుగు దూరం పెడతారని పంచెలు, చీరలు మడమల కిందికి దించి కట్టారు. వారం వారం వచ్చే నర్సుకు కూడా కాళ్లు చూపించలేదు. ఒక్కరు చూపించి ఉన్నా సంగతి బయటపడేది. ఆ ఫ్రేము బొమ్మ వారి నోళ్లు మూయించింది.

గవరయ్య మాత్రం భయపడలేదు. కాళ్లు వాచిన రోజున అందరూ చూస్తూ ఉండగా అరుగు మీద కూర్చుని ఫోను అందుకున్నాడు.

"వొద్దు," అన్నది నూకరత్నం.

"కాళ్లకి సెప్పులు కావాల. అందులో బయమేటి? నువ్వు పక్కకి జరుగు." ఆయన గట్టిగానే చెప్పాడు. తరువాత వచ్చిన ఫ్రేమును కూడా ఆయనే ముందు చూశాడు. "బాగుంది గాని రత్నం, ఇందులో పెట్టడానికి నాకు ఫోటో ఏదీ? రేషన్ కార్డు మీద ఉన్న బొమ్మ నాదో మా బావదో నాకే తెల్దు."

వానలు మొదలయ్యే ముందు ఆయన చనిపోయాడు.

నూకరత్నం గుమ్మంలో కూర్చుంది. వెదురు కొట్టడానికి ఎవరూ రాలేదు. చాలాసేపటికి దాలప్ప వచ్చి, వీధి మలుపులోనే నిలబడ్డాడు.

"నీ మీద మాకు కోపం నేదు, రత్నం. ఆ పోన్ ఉన్న ఇంటి పాడె ముట్టుకుంటే ఆ బొమ్మ మా ఇళ్లకి వొస్తాదని అందరూ అంటన్నారు. పిల్లలున్నోలం."

"మావా, మీయమ్మని గెడ్డ కాడ మసానానికి ఎవులు మోసినారు?"

ఆయన తల దించుకున్నాడు. "గవరయ్యే."

"మీ తమ్ముణ్ణి?"

ఆయన వెనుదిరిగాడు. ఆమె లేచి, అందరికీ కనబడేటట్టు ఆ ఫోనును గట్టు మీది రాయికేసి కొట్టి ముక్కలు చేసింది. అప్పటికీ ఎవరూ రాలేదు. సాయంత్రం మునిసిపాలిటీ బండి వచ్చి శవాన్ని తీసుకుపోయింది. దిక్కులేని శవాలను పూడ్చే చోట, చెత్త దిబ్బ వెనుక, నిప్పు లేకుండా పూడ్చారు. దారిలో పాడె దించి చెవిలో పేరు పెట్టి పిలిచే దింపుడు కల్లం కూడా ఆయనకు దక్కలేదు.

*

గోవిందపాలెం గొంతులన్నీ ఒకేరోజు ఆగిపోయాయి. ప్రయోగశాలలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. హైమ మాత్రం కాలనీ మొత్తం చచ్చిపోయిందనుకుని బస్సెక్కి వచ్చింది. అరుగు మీద ఒంటరిగా కూర్చున్న మనిషి మాట్లాడగానే ఆ గొంతును గుర్తుపట్టింది.

"నువ్వెవులమ్మా?"

"నేను... మీ ఫోన్లో మాటలు వినేదాన్ని, నూకరత్నంగారూ."

నూకరత్నం ఆమెను ఎగాదిగా చూసింది. "అయితే మా గోలంతా ఇన్నావన్నమాట. ఇనీసి ఏటి సేసినావు?"

హైమ తిరుగు బస్సెక్కింది. మరుసటి వారం ఉద్యోగం వదులుకుని, తాను విన్నది విన్నట్టుగా ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. పదవీ విరమణ చేసిన నన్ను విచారణకు నియమించారు.

ఆదిశేషు నా ముందు వినయంగానే నిలబడ్డాడు. ఆయన దుర్మార్గుడైతే నా పని తేలికయ్యేది. ఆయన చదువుకున్నవాడు, మృదుభాషి.

"ఆ గొంతులు ఆగిపోవడం అంటే ఆ మనుషులు మరణించడమని మీకు తెలుసా?" అని అడిగాను.

"మరణం అనే మాట యంత్రం వాడదు, మేడమ్. నిశ్శబ్ద ఖాతా అంటుంది."

"నేను యంత్రాన్ని అడగలేదు. మిమ్మల్ని అడిగాను."

ఆయన మంచినీళ్లు అడిగి తాగాడు. "తెలుసు," అన్నాడు.

తెలియకపోవడం నేరం కాదు. తెలిసినదాన్ని దాచి, దాని మీద అంగడి పెట్టడం నేరం. కాని నేరం రుజువు కావాలంటే, ఆ మరణాలు విషం వల్ల కలిగినవని ముందు తేలాలి. అక్కడే చిక్కు వచ్చింది. ఫిర్యాదు సంగతి తెలియగానే కర్మాగారం వారు బోరును సిమెంటుతో పూడ్చి, కాలనీకి ట్యాంకరు నీళ్లు పంపించారు. బతికి ఉన్నవారి రక్తంలో కాడ్మియం అనే లోహం దొరికింది. దానికి వారి వకీలు బదులు సిద్ధంగా ఉంచుకున్నాడు: పొగాకు పొగలోనూ అదే లోహం ఉంటుంది, ఈ కాలనీలో మగవారు బీడీ కాలుస్తారు, ఆడవారు నిప్పు నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ పీలుస్తారు, కాబట్టి నీటిని నిందించడం తగదు. చనిపోయినవారి దేహాలను పరీక్షించే దారి లేదు. అందరినీ దహనం చేశారు. అస్థికలు సముద్రంలో కలిపారు.

అందరినీ, ఒక్కరిని తప్ప. పొగాకు ముట్టని మనిషి, నిప్పు దక్కని మనిషి, చెత్త దిబ్బ వెనుక మట్టిలో ఉన్నాడు. ఊరు చేసిన తప్పే ఊరికి మిగిలిన సాక్ష్యం. లోహం ఎముకలో నిలుస్తుందని నిపుణులు చెప్పారు. తవ్వడానికి మేజిస్ట్రేటు అనుమతి నేను తెప్పించగలను. భార్య సమ్మతి లేకుండా ఆ పని చేయదలచుకోలేదు.

నేనే కాలనీకి వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. నూకరత్నం అంతా విన్నది.

"తవ్వితే మల్లీ ఎవులు మోస్తారు, అమ్మగారూ?"

"బండిలో తెచ్చి, పరీక్ష అయ్యాక మీకు అప్పగిస్తారు."

"బండి సంగతి అడగట్నేదు. మీరు జడ్జిగోరు కదా, మావోళ్లని మొయ్యమని సెప్పగలరేటి?"

"చెప్పలేను. భుజం పట్టమని ఏ న్యాయస్థానమూ ఆదేశించజాలదు."

వీధిలో కొందరు దూరంగా నిలబడి చూస్తున్నారు. ఆమె వారి వైపు చూడకుండా కొంగు సరిచేసుకుంది. ఆయన మట్టిలో ఉన్నా నెమ్మదిగా ఉన్నాడు. ఇప్పుడు లేపితే, మళ్లీ ఎవరూ రాకపోతే, ఆ అవమానం రెండోసారి జరుగుతుంది. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నేను ఆమెను తొందరపెట్టలేదు.

"ఆల పిల్లలు ఇంకా ఆ నీళ్లు తాగిన పిల్లలే గదమ్మా," అన్నది చివరకు. "తవ్వండి. ఒకపాలి మొయ్యనోలు రెండోపాలీ మొయ్యకపోతే ఏటవుతాది."

*

ఎముకలు నిజం చెప్పాయి. వకీలు పొగ మాట మరి ఎత్తలేదు. కర్మాగారం మూతపడింది. కాలనీకి మంచినీరు, వైద్యం వచ్చాయి. కర్మాగారం యజమానులపైనా, ఆదిశేషుపైనా, అతని మాటకు తల ఊపిన పై అధికారులపైనా కేసులు నడిచి శిక్షలు పడ్డాయి. గోవిందపాలెం గొంతుల మీద కట్టిన ఆ విద్యను ఎరుక నుంచి తొలగించాలని న్యాయస్థానం ఆదేశించింది. నివేదికలో నేను కోరినవన్నీ జరిగాయి. అయినా మొదటి రోజున అడిగిన ప్రశ్నకు సరిపడే జవాబు వాటిలో లేదు.

అస్థికలను అప్పగించే రోజున నేనూ వెళ్లాను. పోలీసు ఉద్యోగి ఒక చెక్కపెట్టెను అరుగు మీద ఉంచి సంతకం పెట్టించుకున్నాడు. చంకలో పెట్టుకుని ఒక్క మనిషి నడిచిపోగలిగినంత బరువు. నూకరత్నం ఆ పని చేయడానికే సిద్ధపడి, చీర కుచ్చెళ్లు పైకి దోపుకున్నది.

అప్పుడు వీధి మలుపులో వెదురు నరుకుతున్న చప్పుడు వినిపించింది.

వాళ్లు నిండు మనిషికి కట్టే పాడె కట్టారు. చిన్నది కట్టలేదు. దాని నడుమ పెట్టె ఉంచి, కొత్త బట్ట కప్పారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె వినేది కాదేమో. నలుగురు ఎత్తారు. పది అడుగులు వేయగానే వేరే నలుగురు వచ్చి భుజం మార్చుకున్నారు. ప్రతి ఇల్లూ వచ్చింది. మగదిక్కు మిగలని ఇళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చారు. బంగారమ్మ కోడలు పమిట నడుముకు బిగించి వెదురు కింద భుజం పెట్టినప్పుడు వద్దన్నవారు లేరు.

బెయిలు మీద ఉన్న ఆదిశేషు హైవే గట్టు మీద కారు ఆపి దిగాడు. అప్పటికి అతని శిక్ష మీద అప్పీలు నడుస్తోంది. చెప్పులు విడిచి, పాడె దగ్గరకు వచ్చి, తానూ భుజం పడతానన్నాడు.

నూకరత్నం నిప్పుకుండతో ముందు నడుస్తున్నది. ఆగి వెనుదిరిగింది.

"నువ్వు వొద్దు, బాబూ. నీది బాకీ కాదు, నేరం. నేరానికి భుజం సాలదు. కోర్టుకెల్లు."

ఆయన పక్కకు తొలగి నిలబడ్డాడు. పాడె సాగిపోయింది.

సగం దారిలో పాడె దించారు. చెవి లేని ఆ మనిషి పక్కన ఎవరు కూర్చోవాలో ముందుగా ఎవరూ అనుకోలేదు. దాలప్ప ముందుకు వచ్చాడు. ఆయన కాళ్లు అప్పటికి బాగా వాచాయి. ఇద్దరు పట్టుకుంటే గాని నడవలేడు. కష్టపడి వంగి, పెట్టె దగ్గర నోరు పెట్టి, "గవరయ్యా, గవరయ్యా, గవరయ్యా," అని పిలిచాడు. జవాబు రాదని తెలిసే పిలవడం ఆ ఆచారం. తరువాత తనను పట్టుకున్నవారిని విదిలించుకుని, ముందు వెదురు కింద భుజం పెట్టాడు.

"నువ్వు మొయ్యలేవు తాతా," అన్నారెవరో.

"మాయమ్మకోటి, తమ్ముడికోటి. రెండు బాకీలు. జరగండి."

గెడ్డ అని వారు పిలిచే ఆ వాగు ఒడ్డు దాకా ఆయన తన చోటు ఎవరికీ ఇవ్వలేదు. మొదటి బాకీకి కొంత దూరం నడిచి, పాడె ఆపించి, ఊపిరి తీసుకుని, రెండవ బాకీకి మళ్లీ ఎత్తాడు. జనం ఆయన నడకకు తమ నడక తగ్గించుకున్నారు. ఇసుక మొదలయ్యే చోట ఆయన భుజం తీసి, పక్కనున్నవారికి అప్పగించి, నేల మీద కూర్చుండిపోయాడు.

నూకరత్నం చితి ముందు నిలబడి, వచ్చిన ఇళ్లను ఒక్కొక్కటిగా చూసింది. చివరి ఇంటి వరకూ చూసి, తల ఊపి, నిప్పు పెట్టింది.

ఆ రోజుతో గోవిందపాలెంలో ఏ ఇంటి భుజమూ గవరయ్యకు బాకీ లేదు.